తల్లిదండ్రులకు ఏడాదికి నాలుగు ఉత్తరాలు: జిల్లా విద్యాశాఖాధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

నమస్కారాలు. తెలంగాణలోనో ఆంధ్రప్రదేశ్‌లోనో మీరు ఏ జిల్లాలో ఆ కుర్చీలో ఉన్నా ఈ లేఖ మీకే. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఉద్యోగకాలమంతా జిల్లా కార్యాలయం నుంచి వచ్చిన కాగితాలు చదివి, వాటికి జవాబులు పంపి, వాటిలోని సంగతులను తల్లిదండ్రులకు విడమరిచి చెప్పిన అనుభవంతో ఒక విన్నపం చేయదలిచాను. బడి తెరిచే ముందు ఒకసారి, దసరా సెలవుల ముందు ఒకసారి, సంక్రాంతి వెళ్లాక ఒకసారి, ఒంటిపూట బడులు మొదలయ్యే ముందు ఒకసారి, మీ జిల్లాలో చదివే పిల్లల తల్లిదండ్రులకు మీ పేరుతో, మీ సంతకంతో, తెలుగులో ఒక పేజీ ఉత్తరం రాయండి. అదే ఉత్తరాన్ని ఉపాధ్యాయులకూ పంపండి.

నేను అడుగుతున్నవి శుభాకాంక్షలు కావు. పండుగ పూట పూల బొమ్మల మధ్య అధికారి ఫొటోతో వచ్చే శుభాకాంక్షలకు మన గ్రూపుల్లో కొదవ లేదు. వాటి కింద చేతులు జోడించిన బొమ్మలు వరుసగా పెట్టడం కూడా మా ఉపాధ్యాయులకు అలవాటైన పనే. ఉత్తరం అందాక వచ్చే మూడు నెలల్లో ఒక ఇంటికి బడితో ఏం పని పడుతుందో, ఏ తేదీలోపు ఏం చేసుకోవాలో, ఎందుకు చేసుకోవాలో, తెలియకపోతే ఎవరిని అడగాలో చెప్పే ఉత్తరం కావాలి.

ఇప్పుడు కబురు ఎలా నడుస్తోందో మీకు తెలియనిది కాదు. పాఠశాల విద్యా కమిషనర్ కార్యాలయం నుంచి మీకు, మీ నుంచి మండల విద్యాధికారికి (ఎంఈఓ), అక్కడి నుంచి చుట్టుపక్కల బడులన్నిటినీ చూసే కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయుడికి (హెచ్ఎం), ఆయన నుంచి బడికి ఒక్కో వాట్సాప్ గ్రూపు దాటుకుంటూ పీడీఎఫ్ దిగుతుంది. దిగిన ప్రతిచోటా దాని నెత్తిన ఒక వాక్యం చేరుతుంది: ‘అత్యవసరం’ అనో, ‘ఈరోజు సాయంత్రం 4 గంటలలోపు’ అనో, ‘జాప్యానికి సంబంధిత హెచ్ఎందే బాధ్యత’ అనో. కాగితం ఇంగ్లిషులో ఉంటుంది; ఆర్సీ నంబరు అనే ఫైలు సంఖ్య, దాని కింద పాత ఉత్తర్వుల వరుస దాటితే గాని విషయం కనిపించదు. అయినా బడి వరకు ఈ ఏర్పాటు చకచకా పనిచేస్తుందన్న మాట ఒప్పుకోవాలి. బడి గేటు దాటి ఇంటికి చేరవలసిన దగ్గర మాత్రం ఆ బాధ్యతను ఆరో తరగతి పిల్లవాడి నోటికి అప్పగిస్తున్నాం. ప్రార్థన సమయంలో ఒకసారి చదివి, ఇంట్లో చెప్పండని పంపిస్తాం. వాడు ఇంటికి వెళ్లి ‘ఏదో కాగితం తెమ్మన్నారు’ అంటాడు. అది ఏ కాగితమో, దేనికో, ఎప్పటిలోగానో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఎనిమిదో తరగతి పిల్లలు రాసే ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతన పరీక్ష సంగతే తీసుకోండి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదువుతూ, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల రూపాయలు మించని పిల్లలు దీనికి అర్హులు. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏటా 12,000 రూపాయలు వస్తాయి. కూలికి పోయే ఇంట్లో ఆడపిల్ల చదువు పదితో ఆగుతుందా, ఇంటర్ దాకా సాగుతుందా అన్నది చాలాసార్లు ఆ మాత్రం డబ్బు మీదే తేలుతుంది. దరఖాస్తుకు ఆదాయ ధ్రువపత్రం కావాలి. అంటే తండ్రి మండల కేంద్రానికి వెళ్లి మీసేవలో అర్జీ పెట్టి, తహసీల్దారు కార్యాలయం నుంచి అది వచ్చేదాకా తిరగాలి. గడువు పడేది సరిగ్గా పత్తి తీతల రోజుల్లో. మా బడిలో లెక్కల్లో అందరికంటే చురుకైన ఒక అమ్మాయి ఉండేది. ఇంట్లో చెప్పనే చెప్పింది. వానలు తెరిపిచ్చి పత్తి విచ్చుకున్న వారమది. ఒక రోజు కూలి పోగొట్టుకుని మండలానికి వెళ్లడం ఎందుకని తండ్రి వచ్చే వారానికి వాయిదా వేశాడు. ఆ ఒక్క రోజు ప్రయాణం వెనక నాలుగేళ్లలో 48,000 రూపాయలు ఉన్నాయన్న సంగతి ఆయన చెవిన పడలేదు. ధ్రువపత్రం చేతికి వచ్చేసరికి దరఖాస్తుల సైటు మూసేశారు. ‘మీ బిడ్డ ఈ ఏడాది ఎనిమిదిలో ఉంటే ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీయించి పెట్టుకోండి’ అన్న ఒక్క వాక్యం జూన్‌లో ఆ ఇంటికి చేరి ఉంటే, ఏరువాకకు ముందే ఆ పని అయిపోయేది.

మా అబ్బాయి టెక్సస్‌లో ఉంటాడు. అక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అనే పరిధికి పెద్దను సూపరింటెండెంట్ అంటారు. ఆగస్టులో బడి తెరిచేటప్పుడు, డిసెంబరు సెలవుల ముందు, మే నెలలో చదువులు ముగిసేటప్పుడు ఆయన నుంచి కుటుంబాలకూ సిబ్బందికీ ఉత్తరాలు వస్తుంటాయి. మొహమాటం లేకుండా చెప్పాలంటే వాటిలో సగం ఊకదంపుడే. మిగతా సగం మాత్రం పనికొచ్చే సంగతులు: బస్సు వేళలు మారితే ఎప్పటి నుంచి, వాతావరణం బాగోక బడి మూసేస్తే ఆ మాట ఎలా తెలుస్తుంది, ఇలాంటివి. అక్కడ సూపరింటెండెంట్‌ను నియమించేది స్కూల్ బోర్డు, ఆ బోర్డు సభ్యులను సాధారణంగా ఎన్నుకునేది స్థానిక ఓటర్లు. కాబట్టి కుటుంబాలకు జవాబు చెప్పుకోవడం ఆయనకు మర్యాదే కాక అవసరం కూడా. మీ నియామకమూ, బదిలీయే కాదు, మిమ్మల్ని సంజాయిషీ అడిగేదీ పైవారే గనుక మీ కాగితాలు పైవారి కోసం రాసినట్టే ఉంటాయి. అది మీ తప్పని అనను, మన ఏర్పాటే అలాంటిది.

అయినా తల్లిదండ్రులకు తెలియజేయాలన్న మాట మన చట్టంలోనూ ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే తీరు, ప్రగతి వారికి తెలియజేయడాన్ని ఉపాధ్యాయుడి విధుల్లో చేర్చింది. 21వ సెక్షన్ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలనీ, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలనీ చెప్పింది. ఉపాధ్యాయుడికి ఇంత చెప్పినప్పుడు, ఆయన మీద అధికారికి కూడా ఆ స్ఫూర్తి వర్తిస్తుందనే నేను అనుకుంటాను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జులై 10న జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగులకు తల్లులు పనులు మానుకుని మరీ వచ్చారు. పిలిస్తే రారన్న సాకు అక్కడితో చెల్లిపోయింది. ఆ ఒక్క పూట ముగ్గులు, ఫొటోలు, భోజనాలు అయ్యాక మిగతా ఏడాది వాళ్లతో మాట్లాడేది ఎవరన్నదే ప్రశ్న.

మొదటి ఉత్తరం జూన్‌ది. బడులు తెరిచేది సాధారణంగా జూన్ 12న. అప్పటికి మృగశిర కార్తె వచ్చి నాలుగైదు రోజులవుతుంది; విత్తనాలకూ ఎరువులకూ డబ్బు వెతుక్కునే వారం కూడా అదే. బడిబాటలో ఉపాధ్యాయులు ఇంటింటికీ తిరిగి ఇచ్చే కరపత్రంలో ఉచిత పుస్తకాలు, ఉచిత యూనిఫాం, మధ్యాహ్న భోజనం అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది ప్రచారం, పిల్లల్ని చేర్పించడానికి దాని అవసరం దానికుంది. తల్లి అడిగే ప్రశ్నలు వేరు. యూనిఫాం ఎప్పటికి కుట్టి ఇస్తారు, అందాకా రంగు బట్టల్లో పంపవచ్చా? ఆధార్‌లో పేరు ఒకలా, బడి రికార్డులో మరోలా ఉంటే ఎక్కడ సరిచేయించాలి? ప్రతి విద్యార్థికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య అపార్ నంబరు వచ్చాక ఈ పేర్ల తేడా ఇంటింటి తలనొప్పి అయిందని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇంకొక సంగతి ఉంది. ఎనిమిదో తరగతి లోపు పిల్లవాడు ఒక ప్రభుత్వ బడి నుంచి ఇంకో ప్రభుత్వ బడికి మారేటప్పుడు బదిలీ ధ్రువపత్రం (టీసీ) ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. టీసీ తెచ్చేదాకా రావద్దన్నారని బిడ్డను వారాల తరబడి ఇంట్లో కూర్చోబెట్టుకున్న తల్లులను చూశాను. ఆ వాక్యం మీ సంతకంతో వాళ్ల చేతిలో ఉంటే గేటు దగ్గర ఎవరూ అలా అనలేరు.

దసరా ఉత్తరం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 2025లో తెలంగాణలో సెప్టెంబరు 21 నుంచి అక్టోబరు 3 వరకు సెలవులు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 24 నుంచి అనుకున్న సెలవులను 22 నుంచే ఇచ్చారు. ఇలాంటి మార్పు ఉపాధ్యాయులకు ఫోనులో నిమిషాల్లో తెలుస్తుంది, హాస్టల్లో బిడ్డను ఉంచిన తండ్రికి ఎప్పుడు తెలుస్తుందన్నది అదృష్టం. సెలవులు మొదలయ్యే రోజు కన్నా ముగిసే రోజు ఇంకా ముఖ్యం, ఎందుకంటే దసరాకూ దీపావళికీ మధ్యనే వలస కదులుతుంది. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు, పత్తి తీతలకూ తరువాత మిరపకోతలకూ ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు బయలుదేరడం ఏటా జరిగేదే. పాలమూరు వలసలు మూడు తరాల కథ. పండుగ ఖర్చుకు కూలీలను తీసుకువెళ్లే మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు. ఎప్పుడు బయలుదేరాలో, లారీ ఎక్కడికి వస్తుందో, కూలి ఎంతో ఇంటి అరుగు మీద కూర్చుని చెబుతాడు. అతని మాట నేరుగా ఇంటికి వస్తుంది, మన మాట రాదు. మీ ఉత్తరం అతనికంటే ముందే ఆ ఇంటికి వెళ్లాలి. పెద్దవాళ్లు వెళ్లినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే సీజనల్ హాస్టల్ ఏ బడిలో పెడుతున్నారో, ఏ తేదీ నుంచో, రాత్రి వండిపెట్టేది ఎవరో, ఆడపిల్లల దగ్గర పడుకునే ఆయమ్మ ఎవరో అందులో ఉండాలి. చివరి రెండూ చెప్పకపోతే ఏ తల్లీ బిడ్డను వదిలి వెళ్లదు. ఆ హాస్టల్ మంజూరు కాగితం సంక్రాంతి దగ్గరపడ్డాక వచ్చిన ఏడాదులు నాకు తెలుసు. అప్పటికి ఆ వీధిలో సగం ఇళ్లకు తాళాలు పడి ఉన్నాయి. పిల్లల్ని వెంట తీసుకువెళ్లే వాళ్లకైతే, అక్కడి బడిలో ఏం చూపితే కూర్చోనిస్తారో, తిరిగి వచ్చాక పాత తరగతిలోనే చేర్చుకుంటారో లేదో రాస్తే చాలు.

వాన సెలవుల మాట కూడా ఈ ఉత్తరంలోనే చెప్పవచ్చు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను ఆంధ్ర తీరం దాటింది, మర్నాడు వరంగల్, హనుమకొండ వీధులు నీట మునిగాయి. అలాంటి రాత్రుల్లో సెలవు ప్రకటించేది కలెక్టరు గారని మనకు తెలుసు గాని అందరికీ తెలియదు. పాత ఉత్తర్వును తేదీ కనిపించకుండా కత్తిరించి గ్రూపుల్లో తిప్పేవాళ్లు ఒకపక్క, అసలు ఉత్తర్వు ఏడు గంటలకు వచ్చేసరికి పిల్లల్ని ఎక్కించుకుని బయలుదేరిన ఆటోలు ఇంకోపక్క. సెలవు ఉంటే ముందు రోజు రాత్రి ఎన్ని గంటలలోపు చెబుతారో, ఏ ఒక్క చోట చూస్తే అది నిజమో ముందే రాసి ఉంచితే, తుపాను నాడు ఎవరూ కొత్తగా ఏమీ వివరించనక్కర్లేదు.

సంక్రాంతి తరువాతి ఉత్తరం ముఖ్యంగా పదో తరగతి ఇళ్లకు. పరీక్షల తేదీలు, ప్రత్యేక తరగతులు సాయంత్రం ఎంతవరకో, చీకటి పడ్డాక ఆడపిల్లలు ఇంటికి చేరే దారి ఏమిటో చెబితే సరిపోతుంది. మార్కుల పద్ధతి మారితే అదీ చెప్పాలి. తెలంగాణలో 2024 నవంబరు చివర పదో తరగతిలో బడిలోనే వేసే 20 ఇంటర్నల్ మార్కులు తీసేస్తున్నామన్న ఉత్తర్వూ, ఆ ఏడాదికి అవి ఉంటాయన్న సవరణా వెంటవెంటనే వచ్చాయి. అది మీ స్థాయి నిర్ణయం కాదు. కానీ మా పిల్లకు వందకా, ఎనభైకా అని అడుగుతూ ఎంతమంది తండ్రులు బడికి వచ్చి ఉంటారో మీరు ఊహించగలరు.

ఒంటిపూట బడులు మార్చి నడుమ మొదలవుతాయి. పన్నెండున్నరకు భోజనం పెట్టి ఇంటికి పంపుతాం. ఆ తరువాత సాయంత్రం దాకా ఆ పిల్లలు ఎక్కడ ఉంటారన్నది మన కాగితాల్లో ఎక్కడా ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లు మిరప కల్లంలోనో ఉపాధి పనిలోనో ఉంటారు. పిల్లలు చెరువుకో, మొరం తవ్విన గుంతకో, బావికో వెళతారు. ఏటా ఎండాకాలం పత్రికల జిల్లా పేజీల్లో ఈత వార్తలు చదివే మీకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. పదో తరగతి పరీక్షా కేంద్రాలైన బడుల్లో మిగతా తరగతులను మధ్యాహ్నం ఒంటి గంట నుంచి ఐదింటి వరకు నడుపుతారు. ఎండ దెబ్బ తగలకూడదని పెట్టిన ఒంటిపూట బడికి పిల్లలు సరిగ్గా నడినెత్తి ఎండలో బయలుదేరాల్సి వస్తుంది. వేరే దారి లేకపోవచ్చు, కనీసం ఏ బడులు అలా నడుస్తాయో, ఎన్ని రోజులో తల్లిదండ్రులకు ముందే తెలియాలి. వేసవి ముహూర్తాల సంగతీ ఇందులోనే రాయమని నా మనవి. పది రాసిన అమ్మాయికి ఫలితాలు రాకముందే పెళ్లి కుదిర్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయడం నేరమని, పిల్లల సహాయ నంబరు 1098కి ఎవరైనా ఫోను చేయవచ్చని జిల్లా అధికారి పేరుతో ఇంటికి వచ్చిన కాగితంలో ఉంటే, ఆ మాట ఎత్తడానికి ఆ అమ్మాయి టీచరుకు ధైర్యం వస్తుంది.

ఇక ఉపాధ్యాయుల వైపు. వాళ్లకు కబుర్లు తక్కువై ఇబ్బంది లేదు, ఎక్కువై ఉంది. ముఖ హాజరు యాప్, భోజనం లెక్క, బడుల గణాంకాలు నమోదు చేసే యూడైస్ వివరాలు, ఒకే సంగతి మూడు గూగుల్ ఫారాల్లో, తరగతి మధ్యలో టెలికాన్ఫరెన్స్. కుటుంబాలకు రాసే ఉత్తరంతో పాటు, రాబోయే మూడు నెలల్లో మీ కార్యాలయం అడగబోయే వివరాలన్నీ ఒక్క కాగితం మీద పెట్టి సిబ్బందికి పంపితే, సాయంత్రం నాలుగు గంటల గడువులు సగానికి పైగా అవసరం లేకుండా పోతాయని నా నమ్మకం. ఈ మూడు నెలల్లో ఏమేమి చేయనక్కర్లేదో కూడా అందులో రాస్తే మిమ్మల్ని చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు. కుటుంబాలకు వెళ్లే ఉత్తరం ఉపాధ్యాయులకు ఒక రోజు ముందు అందాలి. తల్లి వచ్చి అడిగినప్పుడు ‘మాకింకా రాలేదమ్మా’ అనవలసి రావడం కంటే చిన్నతనం ఉపాధ్యాయుడికి ఇంకొకటి లేదు.

చదువురాని తల్లిదండ్రులకు ఉత్తరం దేనికన్న ప్రశ్న వస్తుంది. మీ గొంతుతోనే రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ రికార్డు చేయండి. పంచాయతీ మైకులో ఉదయం పనులకు వెళ్లే ముందు వేయించండి, కమిటీ సమావేశంలో చదివించండి. తండాల్లో లంబాడీ, ఆదిలాబాద్ గూడేల్లో గోండి, భద్రాచలం వైపు కోయ, హైదరాబాద్ పాతబస్తీలో ఉర్దూ, చిత్తూరు సరిహద్దులో తమిళం, శ్రీకాకుళం చివర ఒడియా మాట్లాడే ఉపాధ్యాయులు మీ దగ్గరే ఉన్నారు. ఆ పని వాళ్లకు అప్పగిస్తే అనువాదకులను వెతకనక్కర్లేదు. ప్రైవేటు బడుల పిల్లల ఇళ్లను కూడా వదలకండి, వాళ్లూ మీ జిల్లా పిల్లలే. మీలో చాలామంది ఇన్‌ఛార్జి బాధ్యతలతో రెండు మూడు పనులు మోస్తున్నారని తెలుసు. అందుకే నెలకొకటి అడగలేదు, ఏడాదికి నాలుగే అడిగాను.

మొదటిది బడిబాట మొదలయ్యే ముందు వెళ్లేలా చూడండి. ముసాయిదా సిద్ధమయ్యాక పది మంది తల్లులను, కమిటీ సభ్యులు కానివాళ్లను, ఒక బడి వరండాలో కూర్చోబెట్టి చదివి వినిపించండి. వాళ్లు ఎక్కడ ‘అంటే ఏంటి సార్’ అని అడిగితే ఆ వాక్యం మార్చండి. ఆ పనికి మా వంటి విశ్రాంత ఉపాధ్యాయుల సాయం కావాలంటే మండలానికొకరం దొరుకుతాం. కబురు పెడితే వస్తాం, టీఏ, డీఏ అడగం.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు